సద్దిగిన్నెల బోణీ

మా మామయ్య పోయిండు. శుక్రవారం పొద్దుగాల, సరిగ్గ దుకాణం తెరిచే యాళ్లకు. నేను షట్టరు లేపి గడపకు నీళ్లు జల్లుతాన్న. రాత్రంత దవాఖానల వాళ్ల నాయిన పక్కన కూసున్న మా ఆయన సైకిలు మీద వచ్చిండు. దిగకుంటనే ఒక కాలు కింద ఆనిచ్చి నిలవడ్డడు.  లేపిన షట్టరు మళ్ల కిందికి గుంజిన. ఆ సప్పుడుకు పక్క దుకాణాలోళ్లు బయటికొచ్చిన్రు. పొద్దుగాల తెరిచిన మా షట్టరు మళ్ల దిగుడు వాళ్లు ఇంతకు ముందు ఒక్కసారే చూసిన్రు. ఆ ఒక్కసారి సంగతే మీకు చెప్పాలనుకుంటాన్న.

ముందే ఒక మాట. ఆయనను దేవున్ని చేసి రాసుడు నాకు చాతగాదు. ఉత్త కోపిష్టి మనిషి. చాయ్‌ల చక్కెర తక్కువైతె ఏం అనకపోయేటోడు గని, గిలాస పక్కకు జరిపి గోడ దిక్కు మొకం తిప్పుకునేటోడు. ఎవలన్న కౌంటరు మీద మోచేతులు ఆనిస్తె "నీ ఇల్లనుకున్నవా?" అనేటోడు. మామను పట్టుకొని 'అనేటోడు' అని రాస్తానని నన్ను తిట్టకుండ్రి. మా దిక్కు దగ్గరోళ్లను గట్లనే అంటం.

మాది వరంగల్ స్టేషను దిక్కు గల్లీల ట్రాక్టరు సామాన్ల దుకాణం. ఎవలొచ్చినా మామయ్య మొదటి మాట ఒక్కటే: "పాత ముక్క ఏదీ?"

"సేటూ, హైడ్రాలిక్ నూనె కారుతాంది. జర మంచి టేపియ్యి."

"కారేది ఏడ?"

"గదే, పైపు కాడ."

"పైపు కాడ అంటె నాకేం సమజైతది? పాత ముక్క తేపో."

తెస్తె గోనెగుడ్డతోని తుడిచి, కండ్లు మూసుకొని, దాని చూడీల మీద బొటనవేలు గోరు నడిపిచ్చేటోడు. చూడీలంటె మర చుట్లు, పైపును బిగిచ్చేటియి. "కండ్లెందుకు మూస్తరు మామయ్యా?" అని అడిగిన ఒకనాడు. "కండ్లకు తొందరెక్కువ బిడ్డా. గోరుకు ఓపికుంటది" అన్నడు.

ఆయన నాకు నేర్పిన విద్య అంత ఆ గోరు మీదనే ఉన్నది. చూడీలు రెండు తీర్లు. ఒకటి కొసకు పోయినకొద్ది సన్నబడేది. దాన్ని బిగిస్తె బిరడా లెక్క కూసుంటది, సందుల పూతనో టేపో ఉండాలె. ఇంకొకటి ఆ కొస నుంచి ఈ కొస దాక ఒక్కటే లావు. దానికి ఏ పూత పనికిరాదు, మొదలు కాడ రాగి వైసరు, అంటె నడుమ బొక్కున్న బిళ్ల, పడాలె. "చూడీలు పట్టుకుంటయి, నూనెను ఆపేది వైసరు. పట్టుకునేటోనికి ఆపే పని చెప్పకు" అనేటోడు. కాశిబుగ్గ నేతగాళ్ల కాడ మిగిలిన నూలు పోగులు తెచ్చి, సఫేదా అనే తెల్ల పూతతోని కలిపి అమ్మేటోడు. అది నీళ్ల మోటర్లకే, వేడి నూనెకు ఆగది. పక్కన లక్క పూత సీసాలు. ఆ పక్కన అప్పుడప్పుడే బజార్లకొచ్చిన తెల్ల టేపు. మనిషి మనిషికీ టేపు చుట్టి చూపెట్టేటోడు. కొసన మొదటి చుట్టు ఇడిచిపెట్టాలె, లేకుంటె పోగులు తెగి నూనెల కలుస్తయని.

మా ఆయనకు డోర్నకల్ రైల్వేల నౌకరి. వారానికోసారి ఇంటికొచ్చేటోడు. దుకాణం మామయ్య ఒక్కనితోని అయితలేదని నేను పోయి కూసున్న. బజారంత చెవులు కొరుక్కున్నది. ఒక పెద్దమనిషి మొకం మీదనే అన్నడు, "కోడలిని గల్లా మీద కూసోవెట్టినవేంది" అని. మామయ్య తల ఎత్తకుంటనే, "నా గల్లా, నా కోడలు. నీకేడ నొస్తాంది?" అన్నడు. నాకు నవ్వాగక లోపటికి ఉరికిన.

ఇగ బోణీ సంగతి. బోణీ అంటె ఏందో మీకు చెప్పే పనిలేదు. పొద్దుగాల వచ్చిన మొదటి మనిషి ఉత్త చేతులతోని పోవద్దు. పోతె ఆ దినమంత ఈగలు కొట్టుకోవాలె. మా మామయ్య మందికి కోపిష్టిగని బోణీ మనిషికి మాత్రం మెత్తటోడు. వాళ్ల నాయిన కాలం నుంచి ఆ దుకాణంల మొదటి మనిషికి 'లేదు' అన్న మాట చెప్పలే. అడిగింది లేకుంటె దాని తమ్మునిదో చెల్లెదో ఏదో ఒకటి చేతుల పెట్టుడే.

ఎనభైల మొదట్ల ఒక ఎండకాలం. తెరిచి దీపం వెట్టినమో లేదో ఒక డ్రైవరొచ్చిండు. పాలంపేట దిక్కు రైతు ట్రాక్టరట, ఎండకాలం కిరాయికి తిప్పుతాండట. ట్రాలీని ఎత్తే జాకీ కాడ నూనె కారుతాందని, నూనె పైపును తగిలిచ్చే నిప్పలూ, నలిగిపోయిన రాగి వైసరూ తెచ్చి కౌంటరు మీద పెట్టిండు. మామయ్య గోరు నడిపిచ్చిండు. ఒక్కటే లావు చూడీలు. వైసరే పడాలె. ఆ సైజు డబ్బా చూస్తె ఖాళీ. మాలు హైద్రాబాదు నుంచి రావాలె.

"ఏదన్న ఒకటియ్యి సేటూ. ఇయ్యాల్టికి నడుస్తె సాలు. ఆడ కూలోళ్లు నా కోసం కూసున్నరు."

మామయ్య చెయ్యి డబ్బా మీదనే ఆగింది. దీపం దిక్కు ఒకసారి చూసిండు. పక్క దుకాణం దిక్కు ఒకసారి చూసిండు. తరువాత తెల్ల టేపు తీసి వాని చేతుల పెట్టిండు. "ఇయ్యాల్టికే. మెల్లగ నడుపు" అన్నడు. నేను వానికి మంచినీళ్లిచ్చి, పని ఏడ నడుస్తాందని అడిగిన. ములుగు రోడ్డు మీద, చెరువు మట్టి తీసి మిరప చెలకల పోస్తాన్నం అని జాగ చెప్పి, పైసలిచ్చి పోయిండు. బోణీ అయింది. మామయ్య ఆ పైసలు కండ్లకద్దుకొని గల్లల ఏసిండు.

చాయొచ్చింది. తాగలే. చక్కెర సరిగ్గనే ఉన్నది. వాడు ఇడిచిపెట్టి పోయిన నలిగిన వైసరును వేళ్ల నడుమ తిప్పుతాండు, తిప్పుతాండు. ఇద్దరు ముగ్గురు గిరాకీలు వచ్చి పోయిన్రు. 

"ఏమైంది మామయ్యా?"

"దీన్ని ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచితె రాగి మెత్తవడుతది బిడ్డా. మళ్ల ఒకసారి పనికొస్తది. నాకు తెల్వదా? తెలుసు. గని దానికి జర సేపు పడ్తది. అంతసేపు వాడు నిలవడడు, పక్క దుకాణంకు పోతడు. బోణీ పోతది. గందుకే టేపిచ్చిన." ఆయన గొంతు అట్ల పలుచగయిపోవుడు నేను ఎన్నడు వినలే. "టేపు ఆ చూడీల మీద ఆగది. పోగులు తెగి లివరు కాడి సన్నబొక్కల ఇరుక్కుంటయి. ఎత్తిన ట్రాలీ ఎత్తినట్టే ఉంటది. కింద ఎవడో ఒకడు తల పెడ్తడు, ఏమైందో చూద్దామని. అప్పుడు ఊడితె?"

లేచిండు. ఎదురుంగ చాయ్ హోటలు పొయ్యిల ఆ వైసరును పటకారతోని ఎర్రగ కాల్చి, నీళ్లల్ల ముంచి, జేబుల ఏసుకున్నడు. వచ్చి షట్టరు గుంజిండు. బోణీ అయినంక షట్టరు గుంజితె లక్ష్మిని మొకం మీద కొట్టినట్టేనని బజారోళ్లు నిలవడి చూస్తాన్నరు. "ఆ జాగ నీకే ఎరుక. ఎక్కు" అన్నడు స్కూటరు కిక్కు కొట్టుకుంట. మామ వెనుక కోడలు స్కూటరెక్కుడు! అత్తమ్మ ఏమంటదో అనుకున్న గని ఎక్కిన. కొంగు నడుముకు బిగిచ్చి ఎక్కిన.

తొవ్వంత ఆయన, ఎదురుంగ ఏ ట్రాక్టరొచ్చినా స్కూటరు నెమ్మది చేసి ట్రాలీ దిక్కు చూసేటోడు, కాదనుకొని మళ్ల గుంజేటోడు. నేను కనవడ్డ దేవుళ్లందరికి మొక్కిన. వాడు ఇంకా టేపు చుట్టకపోతె బాగుండు, బండి చెడిపోయి తొవ్వలనే ఆగితె బాగుండు అని మొక్కిన. పరాయోని బండి చెడిపోవాలె అని మొక్కుడు అదే మొదలు, అదే ఆఖరు.

బండ్లబాట తిరిగినంక చెలక కనవడ్డది. ట్రాలీ డబ్బా మొకం పైకెత్తుకొని నిలవడ్డది. మట్టి పోసేసింది గని దిగలే. ఇంజను నడుస్తాంది. డ్రైవరు సీటు మీద కూసొని లివరును ముందుకెనుకకు గుంజుతాండు. ఆ చుట్టుపక్కల ఒక్క చెట్టు లేదు. సద్ది యాళ్లాయె. మట్టి సదునుచేసే కూలి ఆడోళ్లు, ఎత్తిన డబ్బా కింద, అది దిగితె ఆనే ట్రాలీ ఇనుప కమ్ముల మీద వరుసగ కూసొని సద్ది తింటాన్నరు. దాని నీడ తప్ప ఆడ ఇంకో నీడ లేదు మరి. ఒకామె ఒళ్లె చంటిపిల్లకు పాలిస్తాంది. ఇంకో కమ్మి మీద ఒక ముసలమ్మ గిన్నె ముందర పెట్టుకొని కాళ్లు ఊపుకుంట కూసున్నది.

అరుద్దామని నోరు తెరిచిన. మామయ్య చెయ్యి పట్టి ఆపిండు.

"ఒర్రకు. ఒర్రితె వాళ్లు ముందుగల గిన్నెల కోసం లోపటికి వంగుతరు. వాడు బెదిరి లివరును ఇంకింత గుంజుతడు. నేను వాని చెయ్యి కాడికి పోత. నువ్వు వాళ్లను బయటికి తే."

"ఎట్ల తేవాలె మామయ్యా?"

"నాకేం ఎరుక బిడ్డా. తే."

ఆయన ట్రాక్టరు దిక్కు పోయిండు, ఉరుకకుండ, ఏదో పలకరియ్యవోతున్నట్టు. నేను ట్రాలీ దిక్కు పోయిన.  జర దూరంల నిలవడి, "అక్కా, జర మంచినీళ్లియ్యుండ్రి" అన్న. ఒక్కామె లేస్తదేమో, వెనుక ఇంకొకామె లేస్తదేమో అని నా ఆశ.

"ఎండల నిలవడ్డవేందమ్మా! లోపటికి రా, నీడకు కూసో" అని జరిగి జాగ ఇచ్చిన్రు. చెంబు చూపెట్టి "రా రా" అంటాన్నరు. నేను ఎంత అడిగితె వాళ్లు అంత ప్రేమగ పిలుస్తాన్నరు. పైన ఆ ఇనుప డబ్బా లివరు గుంజినప్పుడల్ల చిన్నగ అదురుతాంది. దాని కింద వాళ్లు నాకు జాగ ఇస్తాన్నరు. నాకు ఏడుపొచ్చింది. ఇగ ఏం తోచక, కండ్లు తేలేసి దబ్బున మట్టి పెళ్లల మీద పడిపోయిన.

"అయ్యో అయ్యో, అమ్మకు ఎండ కొట్టింది!" ఒక్కసారే అందరు ఉరికొచ్చిన్రు. చంటిపిల్ల తల్లి పిల్లను సంకనేసుకొనే వచ్చింది. ఒకామె కొంగుతోని విసురుతాంది, ఒకామె నా మొకం మీద చెంబెడు నీళ్లు గుమ్మరిచ్చింది. రెప్పల సందుల నుంచి చూసిన. ముసలమ్మ లేవలే. ముద్ద నోట్లె పెట్టుకుంట, "అరికాళ్లు రాయుండ్రే, అరికాళ్లు!" అని ఆడ నుంచే వైద్యం చెప్తాంది.

ఇంజను ఆగింది. డ్రైవరు కిందికి దిగిండు. మామయ్య ట్రాలీ కాడికొచ్చి, వంగి, ఆ డబ్బా కిందికి పోయిండు. నేను కండ్లు మూసుకున్న. ఈసారి నాటకం కాదు, నిజంగనే చూడలేక మూసుకున్న.

"పెద్దవ్వా, రా, నా కోడలు పడిపోయింది."

"వస్తాన్న గని నా గిన్నె..."

"గిన్నె నేనిస్త, రాయే అవ్వా!"

కండ్లు తెరిచేసరికి ఆయన ఆమె రెట్ట పట్టుకొని ఎండలకు గుంజుకొస్తాండు. ఆమె ఆయనను బండబూతులు తిడ్తాంది. ఆ తిట్లు నాకు మంత్రాల లెక్క వినవడ్డయి. లేచి కూసున్న. అందరిని ఇంకా దూరం జరిపి, మామయ్య సీటెక్కి లివరు మీద చిన్నగ తట్టిండు. ఏం కాలే. మళ్ల తట్టిండు.

డబ్బా దిగలే, పడ్డది. నేల అదిరింది. లేచిన దుమ్ముల ట్రాలీ సుత కనవడలే. చంటిపిల్ల కెవ్వుమన్నది. 

దుమ్ము అణిగినంక, "నా గిన్నె పాడుగాను, కోడలు నన్ను సంపుతది" అనుకుంట ముసలమ్మే మొదలు పోయింది. డబ్బాను చేతి జాకీ పెట్టి లేపి, కర్రతోని గిన్నెను గుంజి ఇచ్చిన్రు. సిలవరు సద్దిగిన్నె రొట్టె లెక్క అయింది. ఆమె దాన్ని చేతుల పట్టుకొని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. తాను కూసున్న కమ్మి దిక్కు చూసింది. ఇగ తిట్లు బందయినయి. ఆడనే మట్టి మీద కూలవడ్డది.

డ్రైవరు తల పట్టుకున్నడు. కూలోళ్లు వాని మీదికి లేచిన్రు. మామయ్య నడుమ నిలవడి, "వాన్ని అనకుండ్రి. తప్పు నాది. బోణీ పోతదని, ఇయ్యద్దని తెలిసి తెలిసి ఇచ్చిన" అన్నడు. "నేనే కద సేటూ ఏదన్న ఇయ్యి అన్న" అన్నడు డ్రైవరు. "నువ్వు అడుగుతవ్. ఇచ్చేటోన్ని నేను."

తరువాత ఆయననే పానాలు పట్టుకొని అన్ని ఇప్పిండు. లోపట సన్నబొక్కల తెల్లటి పోగు, జిగురు పట్టిన దారం లెక్క ఇరుక్కొని ఉన్నది. దాన్ని గుండుసూదితోని తీసి, కిరోసిన్‌తోని కడిగి, జేబుల నుంచి వైసరు తీసి పెట్టి బిగిచ్చిండు. నూనె కారుతాందా అని డ్రైవరు చెయ్యి పెట్టవోతె ఆ చెయ్యి మీద కొట్టిండు. "అట్టముక్క పెట్టి చూడు. ఆ జోరుకు నూనె తోలుల నుంచి లోపటికి సొచ్చుకపోతది." ఎవలను దగ్గరికి రానియ్యకుండ ట్రాలీని ఎన్నోసార్లు లేపి దింపిండు. చుక్క కారలే.

వచ్చేటప్పుడు తొవ్వల ఒక మోరీ కాడ స్కూటరు ఆపిండు. గట్టు మీద కూసొని ఏడ్చిండు. నేను సుత ఏడ్చిన. జర సేపటికి కండ్లు తుడుచుకొని, "మంచిగ పడ్డవ్ బిడ్డా. నాటకాలల్ల చేర్పియ్యాల్సింది నిన్ను" అన్నడు. చెక్కుకపోయిన మోచెయ్యి చూపెట్టిన. నవ్విండు. అత్తమ్మకు చెప్పకు అన్నడు. చెప్పిన. ఆమె ఆ రాత్రి ఇద్దరికి అన్నం వెట్టింది. పొద్దుగాల లేచి ముసలమ్మకు కొత్త గిన్నె తానే ఏరి తీసి పంపింది.

నలిగిన గిన్నె మామయ్య అడిగి తెచ్చుకున్నడు. దుకాణంల దీపం పక్కన పెట్టిండు. ఆ దినం నుంచి బోణీ పైసలు గల్లల కాదు, ముందుగల ఆ గిన్నె మీద పడాలె. దాని ముడుతల్ల ముసలమ్మ తినంగ మిగిలిన జొన్న గట్క ఇరుక్కొని ఎండిపోయి ఉండె. కడుగవోతె కడుగనియ్యలే.

అప్పటి నుంచి మొదటి మనిషికి సరిపోయే సామాను లేకుంటె "లేదు" అనుడు మొదలువెట్టిండు. అని, ఆ ఉత్త గిన్నెనే కండ్లకద్దుకునేటోడు, బోణీ అయినట్టే. ముసలాయనకు మతి పోయిందని బజారంత అన్నది. కొందరు గిరాకీలు అలిగి పక్క దుకాణం పట్టిన్రు. నాకు సుత కోపమొచ్చి ఒకనాడు అడిగిన, గిట్ల చేస్తె ఇల్లెట్ల గడుస్తది అని. "'లేదు' సుత సరుకే బిడ్డా. అమ్ముడు నేర్చుకో" అన్నడు.

ఆఖరు దినాలల్ల దవాఖాన మంచం మీద సుత, నేను సద్ది తీస్కపోతె మొదటి మాట అదే. "బోణీ ఎవరు? ఏమడిగిండు? పాత ముక్క చూసినవా?" చూసిన మామయ్యా అంటె కండ్లు మూసుకునేటోడు. దుప్పటి మీద బొటనవేలు గోరు మెల్లగ కదిలేది.

కర్మ అయినంక నిన్న దుకాణం తెరిచినం. ఆయన లేకుండ మొదటి బోణీ. పక్క దుకాణాలోళ్లు, మా ఆయన, అందరు గడప కాడనే ఉన్నరు, మంచి బోణీ అయితె సాలు అని. నేను దీపం వెట్టిన. ఒక రైతు దబదబ వచ్చిండు. "అక్కా, హైడ్రాలిక్ నిప్పలుకు తెల్ల టేపియ్యి. ట్రాక్టరు రోడ్డు మీద ఆగింది."

"పాత ముక్క ఏదీ తమ్మీ?"

"ముక్క లేదు గిక్క లేదు. టేపియ్యి, పోత."

నా ఎనుకనే టేపులున్నయి. చెయ్యి చాపితె అందుతయి. మా ఆయన నా దిక్కు చూస్తాండు. ఆ ఒక్క పొద్దుగాలన్న ఇచ్చేస్తె ఏమైతది అని నా పాణం కొట్టుకున్నది. మామయ్య మీద ఎన్నడు రానంత కోపమొచ్చింది, నన్ను ఈడ ఒక్కదాన్ని నిలవెట్టి పోయిండని.

"లేదు తమ్మీ" అన్న. "ముక్క తెస్తె ఇస్త."

వాడు గొణుక్కుంట దిగి పోయిండు.  నేను ఉత్త గిన్నె తీసి కండ్లకద్దుకొని మళ్ల దీపం పక్కన పెట్టిన. పొద్దు గల్లీలకు తిరిగి దాని మీద పడ్డది. ముడుతల్ల ఆ గట్క మెతుకులు నల్లగ, ఇంకా అట్లనే ఉన్నయి.